పట్టుచొక్కా కింద

దుకాణంలో అందరూ ఆమెను కాజాలక్క అనేవాళ్ళు. పన్నెండో ఏట కాజాలు కుట్టడానికి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆమె కుట్టలేని బట్టంటూ లేదు గానీ, ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు.

దుకాణం రేసుకోర్సు వెనక గేటుకు ఎదురుగా ఉంది. అక్కడ ఎక్కువగా కుట్టేవి జాకీలు పందెంలో వేసుకునే పట్టుచొక్కాలు. పరిగెత్తే గుర్రం ఎవరిదో గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకు దూరం నుంచే తెలియాలి కాబట్టి ఒక్కో యజమానికి ఒక్కో రంగు, ఒక్కో గుర్తు. ఒకాయనది పచ్చ మీద తెల్ల చారలు, ఇంకొకాయనది నీలం మీద పసుపు చుక్కలు. కాజాలక్కకు యజమానుల మొహాలు తెలియవు. చుక్కలూ చారలే తెలుసు.

ఆమె తమ్ముడు జాకీ. మనిషి గుప్పిట్లో పట్టేలా ఉంటాడని లాయాల్లో వాడికి పిచ్చుక అని పేరు పెట్టారు. తల్లి పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచీ అక్కే పెంచింది. పద్నాలుగో ఏట లాయంలో పనికి చేరాడు, పద్దెనిమిదో ఏట జాకీ అయ్యాడు. పదమూడేళ్ళుగా స్వారీ చేస్తున్నా వాడికి దొరికేవి రోజులో చివరి పందేలు, గెలుస్తాయని యజమానులకే నమ్మకం లేని గుర్రాలు.

అక్కాతమ్ముళ్ళది రెండు గదుల ఇల్లు. పొయ్యి పక్కనే బరువు చూసుకునే కాటా ఉండేది. పిచ్చుక పొద్దున్నే దాని మీదెక్కి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, ఆ రోజు ఏం తినాలో నిర్ణయించుకునేవాడు. ఎక్కువగా ఉడికించిన గుడ్డులో తెల్లసొన, సగం పండు. పందేలున్న వారంలో నీళ్ళు కూడా పుక్కిలించి ఉమ్మేసేవాడు. వాడు బయటికి వెళ్ళేదాకా అక్క పొయ్యి వెలిగించేది కాదు. వాసనకి వాడి కడుపు రగులుతుందని ఆమెకు తెలుసు.

"ఒరేయ్, ఆ పచ్చసొన నీకేం పాపం చేసిందిరా?"

"దాన్ని మోసేది నేను కాదక్కా, గుర్రం. వెళ్ళి దాన్నడుగు."

"ఇలాగే ఉంటే రేపు నిన్ను చేసుకునే పిల్ల నిన్ను చంకనేసుకుని తిరగాలి."

"మంచిదేగా. నాకు నడిచే పని తప్పుతుంది" అనేవాడు, పెదాలు పగిలిపోయి ఉన్నా నవ్వుతూ.

ఆ ఏడాది రేసుకోర్సుకు కొత్తగా ఒక యజమాని వచ్చాడు. వంతెనలూ రోడ్లూ కట్టించే పెద్ద కాంట్రాక్టరు. సముద్రం అవతల జరిగిన వేలంలో ఒక ఎర్ర గుర్రాన్ని కొని, దాని కోసం విమానం మాట్లాడి తెప్పించాడు. లాయంలో దానికి చల్లటి గాలి మిషన్లు పెట్టించాడు. ఈత కొట్టడానికి నీలం పలకల తొట్టె కట్టించాడు. అదంతా ఒక ఎత్తు, తాగే నీళ్ళకు వెండితో తొట్టి పోయించడం ఒక ఎత్తు. గుర్రం ఆ వెండిలో తన మొహం చూసుకుని బెదిరి రెండు రోజులు నీళ్ళు ముట్టలేదట. చివరికి దాన్ని చూసుకునే సైసు, ఎవరూ లేనప్పుడు పాత బకెట్టుతో తాగించాడట. ఆ రోజునుంచీ లాయాల్లో ఆ యజమాని పేరు వెండితొట్టి. ఆయన లేనప్పుడు మాత్రమే.

ఎర్ర గుర్రానికి మొదట కుదిరిన జాకీకి చెయ్యి బెణికింది. ఆ సమయానికి లాయంలో ఖాళీగా ఉన్నదీ, బరువు సరిపోయిందీ పిచ్చుకే. ట్రైనరు ఎక్కించి చూశాడు. గుర్రం వాడి మాట విన్నది. అలా, ఏడాదిలో అన్నిటికంటే పెద్దదైన కప్పు పందెంలో ఎర్ర గుర్రం మీద వెళ్ళేది పిచ్చుకేనని తేలింది.

ఆ సాయంత్రం వాడు ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి, గుమ్మంలోనే అక్కను పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. ఆమె వాడికంటే జానెడు పొడుగు. ఇద్దరూ కింద పడబోయారు.

పందేనికి మూడు వారాల ముందు వెండితొట్టి స్వయంగా దుకాణానికి వచ్చాడు. వెనక మేనేజరు, మేనేజరు వెనక బట్ట తాను మోస్తూ డ్రైవరు. తెల్లటి పట్టు, ముట్టుకుంటే చేతి గరుకుకు పట్టుకునేంత సన్నం. దాని మీద అసలు బంగారు జరీతో సూర్యుడి బొమ్మ కుట్టాలన్నాడు. గుర్రం మీద కప్పే గుడ్డకూ అదే జరీ. సైసులకు బట్టలు, మూడువందల మంది అతిథులకు టోపీలు, అన్నిటిమీదా అదే సూర్యుడు.

"ఫొటోలు తీయడానికి మనుషుల్ని విమానంలో రప్పిస్తున్నాను" అన్నాడు, దుకాణం నడిపే ముసలి మాస్టారితో. "నా కొత్త ఇంట్లో హాలు గోడ మొత్తం ఆ ఫొటోయే ఉండబోతోంది. కాబట్టి చొక్కా ఒంటికి చర్మంలా అతుక్కుని ఉండాలి."

"చూద్దాం సార్. కింద దిండు కూడా ఉంటుంది కదా" అన్నారు మాస్టారు.

దిండు అంటే జాకీలు చొక్కా కింద వేసుకునే దళసరి కోటు. చేతులుండవు. లోపల స్పాంజి పలకలు పెట్టి కుడతారు. కింద పడ్డా, గుర్రం తొక్కినా వీపూ పక్కటెముకలూ కాపాడడానికది. అది లేకుండా పందేనికి రానివ్వరు. లోపలివైపు ముద్ర ఉంటుంది. ముద్ర ఉందో లేదో బరువు తూచే చోట గుమాస్తా చూస్తాడు.

వారం తర్వాత చొక్కా వేసి చూసే రోజున వెనక గదిలో పెద్ద అద్దం ముందు పిచ్చుక నిలబడ్డాడు. దిండు మీద పట్టుచొక్కా వేసి కాజాలక్క వెనక సూదులు గుచ్చింది. ఎంత గుచ్చినా సన్నటి పట్టు కింద పలకల అంచులు చారలుగా కనబడుతూనే ఉన్నాయి. వీపు ఉబ్బెత్తుగా, నడుం మోటుగా ఉంది.

వెండితొట్టి తల పక్కకు వంచి చూశాడు. "ఏంటిది? తాబేలుని గుర్రమెక్కిస్తున్నామా?"

"దిండు సార్" అన్నాడు పిచ్చుక. "పడితే దెబ్బ తగలకుండా."

"పడడానికటోయ్ నిన్ను ఎక్కిస్తోంది?"

అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వాడు. కాజాలక్క నోట్లో సూదులున్నాయి కాబట్టి ఆమె నవ్విందీ లేనిదీ ఎవరూ చూడలేదు.

ఆయన వెళ్ళిపోయాక మేనేజరు ఆగాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "పైన కవరు అలాగే ఉంచండి, ముద్ర అలాగే ఉంచండి. లోపలి స్పాంజి కాస్త పలచన చేస్తే చాలు. ఎవరు విప్పి చూస్తారు?"

"నేను గుడ్డ కత్తిరించేవాణ్ణి. దాని జోలికి రాను" అన్నారు మాస్టారు.

"అలాగే. మరి ఆ టోపీలూ సైసుల బట్టలూ కూడా ఇంకో చోట ఇచ్చేస్తాం. మీకెందుకు శ్రమ."

దుకాణంలో మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఆరుగురు పనివాళ్ళు. రెండు నెలలుగా సరైన పని లేదు. మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడిచిందే మళ్ళీ తుడిచారు. తర్వాత గుండీల డబ్బాలున్న లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

మేనేజరు కాజాలక్క వైపు తిరిగాడు. "తమ్ముడే కదమ్మా. నీకంటే జాగ్రత్తగా ఎవరు చేస్తారు?"

ఇంటికి వెళ్ళేసరికి పిచ్చుక స్నానాలగదిలో వేడినీళ్ళ బకెట్ల మధ్య వానకోటు తొడుక్కుని కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. ఆమె తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది.

"నా వల్ల కాదురా. చెయ్యనని చెప్పేస్తాను."

"చెయ్యనంటే ఆ గుర్రం ఇంకొకడికి పోతుందక్కా."

"పోనీ."

లోపల బకెట్టు జరిపిన చప్పుడయింది.

"పదమూడేళ్ళక్కా" అన్నాడు. "మొండిగుర్రాలెక్కాను, ముసలిగుర్రాలెక్కాను. ముందు పోయేవాళ్ళు ఎగరేసిన మట్టి తప్ప నా కళ్ళకి ఇంకేం తెలీదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా ముందు ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో చూడాలనుంది."

"పడితే?"

"ఇప్పటికి ఎన్నిసార్లు పడ్డాను! లేవలేదా?"

"దిండుంది కాబట్టి లేచావు."

"సగం ఉంచుతావుగా. ఇంకెవడి చేతిలోనన్నా పెడితే మొత్తం ఊడబెరుకుతాడు. నీ చెయ్యయితే నాకు భయం లేదు."

ఆమెను చివరికి ఒప్పించింది ఆ మాటే.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచినప్పుడు ఆమె కిటికీ దగ్గర దిండును ఒళ్ళో పెట్టుకుని కుట్లు విప్పింది. వీపు భాగంలో ఆరు పలకలు, ఒక్కోటి వేలెడు మందం. బ్లేడుతో ఒక్కోదాన్నీ రొట్టె కోసినట్టు అడ్డంగా కోసి సగం తీసేసింది. నడుం మీదికి వచ్చే చివరి రెండు పలకల దగ్గర ఆగింది. వాటిని అలాగే ఉంచి పాత కన్నాల్లోంచే సూది దూర్చి కుట్టేసింది. విప్పిన ఆనవాలు లేదు. ఇరవై ఆరేళ్ళ పనితనం.

మళ్ళీ వేసి చూసిన రోజు మేనేజరు పెదవి విరిచాడు. "పైన బాగానే ఉంది. నడుం దగ్గర ఇంకా మోటుగా ఉందమ్మా."

ఆమె తమ్ముడి వైపు చూసింది. వాడు అద్దంలో తన వీపు చూసుకుంటున్నాడు. ఆ రోజు వాడి మొహంలో ఉన్న వెలుగు ఆమె ఎప్పుడూ చూడలేదు. దిండు మళ్ళీ విప్పి, మిగిలిన రెండు పలకలూ కోసింది. ఆ సంగతి వాడికి ప్రత్యేకంగా చెప్పలేదు. వాడూ అడగలేదు.

కప్పు పందెం రోజున ఆమెను జాకీల గదికి రమ్మన్నారు. చొక్కా ఎక్కడా ముడత పడకుండా ఒంటి మీదే ఆఖరి కుట్లు వేయాలట. గేటు నుంచి లోపలికి వెళ్ళే దారిలో వెండితొట్టి వేయించిన డేరా కనబడింది. నేలంతా పూలు పరిచారు. చెప్పులతో తొక్కుతూ మనుషులు తిరుగుతున్నారు. మధ్యలో మంచుగడ్డతో చెక్కిన గుర్రం, ఎండకు కరిగి ముక్కు జారిపోయి గాడిదలా ఉంది. బల్లల మీద ప్లేట్లలో సగం కొరికి వదిలేసిన తిండి. పొద్దున్నుంచి తమ్ముడు ఒక్క నీటిచుక్క మింగలేదన్నది ఆమెకు గుర్తొచ్చింది.

గదిలో పిచ్చుక ఆమెకు వీపు అప్పగించి నిలబడ్డాడు. ఆమె మెడ దగ్గర కుట్టు వేసి, దారం పళ్ళతో కొరికింది.

"జాగ్రత్త నాన్నా."

"ఇవాళ వెనకాల మట్టి తినేది వాళ్ళే" అన్నాడు వాడు.

కాటా దగ్గర ముసలి గుమాస్తా చొక్కా అంచు ఎత్తి, దిండు లోపలి ముద్ర చూసి, పుస్తకంలో గీత పెట్టాడు.

ఆమె వెనక గేటు పక్క కంచె దగ్గర దుకాణంవాళ్ళతో కలిసి నిలబడింది. గుర్రాలు వదిలారు. దూరంగా రంగులన్నీ ముద్దగా కదిలాయి. తెలుపు మీద బంగారం మూడో స్థానంలో ఉంది. మలుపు తిరిగేటప్పుడు రెండో స్థానానికి వచ్చింది. ముందున్న గుర్రం ఒక్కటే. పక్కనున్న కుట్టుపనివాడు "అక్కా, అక్కా" అంటూ ఆమె భుజం పట్టి ఊపుతున్నాడు. అంతలో ముందున్న గుర్రం కొంచెం లోపలికి జరిగింది. దాని వెనక గిట్టకు ఎర్ర గుర్రం ముందుకాలు తగిలింది. అది ఎవరి తప్పూ కాదు. ఎర్ర గుర్రం మోకాళ్ళ మీద కుంగి మళ్ళీ లేచింది గానీ, దాని మీద మనిషి లేడు.

వెనక వస్తున్న గుర్రాల్లో రెండు దూకి దాటాయి. మూడోది దాటలేకపోయింది.

ఎర్ర గుర్రం ఖాళీ జీనుతో పరిగెత్తి అందరికంటే ముందు గీత దాటింది. మీద జాకీ లేకపోతే అది గెలుపు కిందికి రాదని తెలియని అతిథులు కొందరు డేరాలో చప్పట్లు కొట్టారు. వెండితొట్టి పూల మీదుగా పరిగెత్తుకుంటూ వచ్చి, మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని గుర్రం కాళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూశాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నటన కాదు, నిజమైన కన్నీళ్ళే.

ఆసుపత్రిలో చొక్కా తీయడానికి పిచ్చుకను కదపకూడదన్నారు. నర్సు కత్తెర పెట్టింది. జరీ కుట్టిన చోట కత్తెర దిగలేదు. "ఏం బట్టండీ ఇది!" అని విసుక్కుంది.

"ఇలా ఇవ్వండమ్మా" అంది కాజాలక్క. "నేను కుట్టినదే."

ఎక్కడ ఒక పొర ఉందో, ఎక్కడ రెండున్నాయో ఆ వేళ్ళకు తెలుసు. పక్క కుట్టు వెంట మెడ దాకా కోసింది. తర్వాత దిండు కోసింది. కోసిన అంచు తెరుచుకుని లోపలి స్పాంజి బయటపడింది. డాక్టరమ్మ చూసింది. రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కింది. ఆమె అంతకుముందు ఎందరో జాకీల దిండ్లు కోయించి ఉంటుంది.

"ఎవరు విప్పి కుట్టారు దీన్ని?"

"నేనే."

డాక్టరమ్మ ఆమె మొహం చూసింది. "బయట కూర్చో అమ్మా" అంది.

పిచ్చుక బతికాడు. నడుం కింద నుంచి స్పర్శ లేదు, ఇక రాదని పదోరోజున చెప్పారు. కాజాలక్క డాక్టరమ్మను వరండాలో ఆపింది.

"దిండు మొత్తం ఉండి ఉంటే?"

"చెప్పలేనమ్మా" అంది డాక్టరమ్మ. "గుర్రం బరువది. మొత్తం ఉన్నా విరిగేదేమో. విరక్కపోయేదేమో. నిన్ను ఓదార్చడానికైనా సరే, తెలియంది తెలిసినట్టు చెప్పలేను."

రేసుకోర్సు వాళ్ళు విచారణ పెట్టారు. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు పెద్దమనుషులు. కాజాలక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఆమె ఏం చేసింది. మేనేజరు ఎంతో మర్యాదగా, "మేము చొక్కా కుట్టమన్నామండీ. అంతకుమించి మాకు తెలియదు" అన్నాడు. మాస్టారిని పిలిస్తే తల దించుకుని, "నేను చూడలేదు. లోపలి గదిలో ఉన్నాను" అన్నారు. నిజమే, లోపలి గదిలోనే ఉన్నారు.

చివరికి ఆసుపత్రి మంచం దగ్గరికి వచ్చి పిచ్చుక మాట రాసుకున్నారు. అప్పుడు కాజాలక్క గదిలో లేదు. ఆ మాటేమిటో కాగితం వచ్చాకే తెలిసింది. "మా అక్కను నేనే అడిగాను. వేరే ఎవరి ప్రమేయం లేదు." నిబంధన మీరినందుకు పిచ్చుక లైసెన్సు రద్దు చేశారు. లేచి కూర్చోలేనివాడికి గుర్రమెక్కరాదని తాఖీదు. దెబ్బతిన్న జాకీలకు ఇచ్చే సాయం, తప్పు వాళ్ళదే అయితే రాదట. కాజాలక్క రేసుకోర్సు బట్టలు ముట్టకూడదన్నారు.

ఆమె కాగితం పట్టుకుని మంచం పక్కన నిలబడింది. "ఎందుకురా ఇలా చెప్పావు?"

"ముందురోజు మేనేజరు వచ్చాడక్కా. లాయం ఆఫీసులో కూర్చుని చేసే పనిస్తారట. సార్ మాటిచ్చారట." దుప్పటి అంచు సర్దుకున్నాడు. "అయినా అబద్ధం కాదుగా. నేను అడగలేదా నిన్ను?"

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

పిచ్చుకను ఇంటికి తెచ్చారు. నెల గడిచినా పని మాట లేదు. ఒకరోజు సైసు చూడడానికి వచ్చి, ఎర్ర గుర్రం కాలు పూర్తిగా నయమైందనీ, ఆ సంతోషానికి వెండితొట్టి మర్నాడు లాయంలో విందు ఇస్తున్నాడనీ చెప్పాడు. కాజాలక్క ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్ళింది. గేటు దగ్గరివాళ్ళు వంటమనిషేమో అనుకుని వదిలేశారు.

లాయం ముందు గుర్రం నిలబడి ఉంది. మెడలో పూలు. ఎదురుగా గోడంత ఫొటో. అందులో పిచ్చుక జీను మీద వంగి ఉన్నాడు, మలుపు ఇంకా పూర్తి కాలేదు. వెనక ఎండ పడి సూర్యుడి బొమ్మ మండుతున్నట్టుంది. వాడి ముందు ఒక్క గుర్రమే ఉంది.

వెండితొట్టి ఆమెను గుర్తుపట్టాడు. కోపం లేదు, చిరాకు లేదు, ఎంతో ఆదరంగా పలకరించాడు. "నువ్వేనా అమ్మా కుట్టింది? చూశావా ఎలా వచ్చిందో! నడుం దగ్గర చూడు, ఎంత చక్కగా కూర్చుందో. అందరూ నీ పనే మెచ్చుకుంటున్నారు."

"ఆ నడుమే విరిగింది సార్" అంది ఆమె.

ఆయన మొహంలో నవ్వు ఒక్క క్షణం దారి తప్పింది. ఫొటో వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "అయ్యో పాపం" అన్నాడు. "పాపం కుర్రాడు. ఏం కావాలో మేనేజరుతో చెప్పు తల్లీ, మొహమాటపడకు." అంతలో ఎవరో పిలిస్తే అటు తిరిగాడు. మాటాడుతూనే పళ్ళెంలోంచి పండు ముక్క తీసి గుర్రం నోటికి అందించాడు.

మేనేజరు ఆమెను గేటు దాకా సాగనంపాడు. "ఆఫీసు పైఅంతస్తులో ఉందమ్మా. అన్నీ మెట్లే. ఎలా ఎక్కుతాడు చెప్పు? చూద్దాం, కింద ఏదన్నా గది ఖాళీ అయితే కబురు చేస్తాను."

ఆమె ఇంటికి వచ్చి, ఆసుపత్రివాళ్ళు సంచిలో పెట్టి ఇచ్చిన కోసిన దిండు బయటికి తీసింది. అది పట్టుకుని మర్నాడు సాయంత్రం రేసుకోర్సు గేటు బయట, కాటా గుమాస్తా ఇంటికి వెళ్ళే వేళకు నిలబడింది.

"అయ్యా, ఒక్కసారి ఇది నొక్కి చూడండి."

ముసలాయన నొక్కాడు. రెండో చేత్తో, పోల్చి చూడడానికి ఆమె సంచిలో తెచ్చిన పూర్తి మందం పలక ముక్క నొక్కాడు. మళ్ళీ మొదటిది నొక్కాడు.

"ముప్పై ఏళ్ళుగా ముద్ర చూస్తున్నానమ్మా" అన్నాడు. "చెయ్యి పెట్టి చూడాలని నాకు తట్టలేదు."

తర్వాతి పందేల రోజున ఆయన ఎవరి అనుమతీ అడక్కుండా ప్రతి జాకీ వీపూ బొటనవేలితో నొక్కి చూశాడు. నాలుగు దిండ్లు పలచనగా ఉన్నాయి. నలుగురినీ వెనక్కి పంపాడు. నాలుగు గుర్రాలు పరిగెత్తలేదు. డేరాల్లో గొడవ అయింది. యజమానులు పొడుగాటి బల్ల దగ్గరికి వెళ్ళారు. మూడు వారాలకు ఆ ముసలాయన్ని టిక్కెట్ల కిటికీకి మార్చారు. కాటా దగ్గర కూర్చున్న కొత్త గుమాస్తా మళ్ళీ ముద్ర చూడడం మొదలుపెట్టాడు.

ఆ నలుగురిలో ఒకడు ఎర్ర గుర్రానికి కుదిరిన కొత్త జాకీ. నలభైకి దగ్గర పడుతున్నవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. వాణ్ణి తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకున్నారట. గుమాస్తాకు దిండు చూపించింది కాజాలక్కేనని తెలుసుకుని, ఒక మధ్యాహ్నం నేరుగా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి అరిచాడు.

"ఏం ఒరిగింది నీకు? నీ తమ్ముడి బతుకు పాడయిందని అందరి నోటి దగ్గర కూడూ లాగేస్తావా? ఇన్నేళ్ళకి ఒక మంచి గుర్రం దొరికింది నాకు!"

కాజాలక్క మిషను ముందు నుంచి లేవలేదు. స్కూలు పిల్లల బట్టలు కుడుతోంది. ఆ మూటలు మాస్టారే తెచ్చి ఇస్తారు. తెచ్చిన ప్రతిసారీ గడప బయటే పెట్టి, లోపలికి రమ్మంటే పనుందంటూ వెళ్ళిపోతారు.

"లోపలికి రా అన్నా" అన్నాడు పిచ్చుక మంచం మీది నుంచి.

వచ్చినవాడు అప్పుడు మంచం వైపు చూశాడు. దుప్పటి కింద పుల్లల్లా కదలని కాళ్ళు చూశాడు, మంచానికి కట్టిన గొట్టం చూశాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. అక్క నీళ్ళిస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. కొంతసేపటికి గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

పిచ్చుక పైకప్పు చూస్తూ పడుకున్నాడు. తర్వాత, పడిన రోజు నుంచీ ఎన్నడూ అడగనిది అడిగాడు.

"ఎంత తీశావక్కా?"

మిషను ఆగింది.

"సగం."

"అంతటానా?"

"నడుం దగ్గర ముందు తియ్యలేదు. మోటుగా ఉందన్నాడు. అప్పుడు తీశాను."

వాడు కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఎదురుచూసింది. తిడతాడేమో, ఏడుస్తాడేమో అనుకుంది.

"అప్పుడు నాతో చెప్పి ఉంటే వద్దనేవాణ్ణా?" అన్నాడు చివరికి.

"తెలీదురా."

"నాకూ తెలీదు" అన్నాడు.

వాణ్ణి పక్కకు తిప్పే వేళయింది. రెండు గంటలకోసారి తిప్పకపోతే వీపు పుళ్ళు పడుతుందని చెప్పారు. ఆమె లేచి వచ్చి, ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, వాణ్ణి గోడ వైపుకు తిప్పింది.